కడుపులో కారే పంపు

దుక్కి ముగించుకుని డొంక ఎక్కిన పాత మాస్సీ ట్రాక్టర్ వెనక గొర్రు కుదురుగా నిలవదు. అంగుళం జారుతుంది, తనంతట తానే లేస్తుంది, మళ్లీ జారుతుంది. కునికిపాట్లు పడే మనిషి తలలా దారి పొడవునా ఊగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపారో, నేల మీద చతికిలబడుతుంది. కింద చూస్తే ఒక్క చుక్క ఆయిల్ ఉండదు.

ఇది లోపలి కారుడు. బయటికి కనిపించని ఆ ఆయిల్ ఎక్కడ తప్పించుకుంటోందో పట్టుకోవడమే రోడ్డు పక్క షెడ్లలో గురువు నుంచి శిష్యుడికి సాగివస్తున్న పనితనం. విప్పడం, బిగించడం తర్వాతి మాట.

గొర్రును ఎత్తి దించే ఈ అమరికకు మూలపురుషుడు ఐర్లాండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్. నాగలిని బండిలా ఈడ్చుకుపోకుండా మూడు లింకులతో ట్రాక్టర్‌కే తగిలించి, నేల పెట్టే బలాన్ని బట్టి హైడ్రాలిక్స్‌తో ఎత్తి దించే పద్ధతి ఆయనది. 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారీ మొదలైన టీఈ20 దాన్ని దేశదేశాలకూ చేర్చింది. 1953లో ఆయన సంస్థ మాస్సీ హ్యారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే సంస్థ ఆ కుటుంబపు ట్రాక్టర్లను మన చేలలోకి తెచ్చింది.

ఈ రకం ట్రాక్టర్లలో పంపు గేరుపెట్టె లోపలే, ఆయిల్‌లో మునిగి ఉంటుంది. వెనక తగిలించే యంత్రాలకు శక్తినిచ్చే పీటీవో షాఫ్టే దాన్ని తిప్పుతుంది. నాలుగు పిస్టన్లు ఆయిల్‌ను నెడితే, అది నిలువు పైపు గుండా పైకెక్కి, పై మూతకు వేలాడే సిలిండర్‌లోకి చేరి లిఫ్టును ఎత్తుతుంది. కంట్రోల్ వాల్వు ఆయిల్ పీల్చుకునే వైపు ఉంటుంది కాబట్టి, లిఫ్టుకు పని లేనప్పుడు పంపు ఖాళీగా తిరుగుతుంది. అలా ఆయిల్ వేడెక్కదు. కానీ ఎక్కడ కారినా అదే తొట్టిలో పడి కలిసిపోతుంది.

అందుకే అనుభవమున్న మేస్త్రీ నేరుగా పానా పట్టడు. గేరుపెట్టె పక్కనున్న అరచేతి వెడల్పు మూత మట్టానికి దిగువకు ఆయిల్ దించి, మూత తీస్తాడు. లిఫ్టు మీద బరువు పెట్టించి, ఎత్తించి, టార్చి లోపలికి కొడతాడు. సిలిండర్ మూతి నుంచి ధారకడితే పిస్టన్ రింగులు అరిగినట్టు. పైపు కీలు దగ్గర చిమ్మితే ఓ-రింగు తెగినట్టు. పంపు చుట్టూ పొంగితే వాల్వులో, సీళ్లో పోయినట్టు. చూపు లోపలికి పోవచ్చు గానీ, వేలు పోకూడదు. చదరపు అంగుళానికి రెండు వేల పౌండ్లకు పైబడిన ఒత్తిడితో వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

తప్పు పంపుదేనని తేలితే పని పెద్దదే. గొర్రు నేలకు దించి, సీటు, లింకులు విప్పి, బరువైన పై మూతను చైన్ బ్లాక్‌తో లేపుతారు. పీటీవో షాఫ్టును వెనక్కి లాగి, పక్క పిన్నులు తీశాకే పంపు చేతికొస్తుంది.

పనిలో చేరిన కుర్రాడికి మొదట దక్కేది పానాలు కాదు, డీజిల్ పళ్లెం. సామాను కడుగుతూనే అతని వేళ్లు నేర్చుకుంటాయి. పిస్టన్ మీద గోరు అడ్డంగా జారిస్తే ఎక్కడైనా తట్టుకుందా? అది గాటు, ఆయిల్‌కు దారి. ప్యాకింగ్ కాగితాన్ని ఇనుము అంచు మీద పరిచి చిన్న సుత్తితో మెల్లగా తడుతూ పోతే, కత్తెర పడకుండానే సరైన ఆకారం తెగి వస్తుంది. కొత్త ఓ-రింగుకు ముందు ఆయిల్ రాస్తారు. పైపు ఏమాత్రం వంకరగా కూర్చున్నా రింగు నలిగి, రోజంతా చేసిన పని మొదటికొస్తుంది.

వరి ప్రాంతాల్లో మరో శత్రువు నీళ్లు. దమ్ములో ఇరుసుల సీళ్ల గుండా బురదనీరు లోపలికి చేరితే ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. అలాంటి ఆయిల్ మార్చకుండా కొత్త సీళ్లు వేయడం డబ్బు పారేసుకోవడమే. ఇక ఇంజిన్‌తోనే తిరిగే గేరు పంపున్న ట్రాక్టర్లలో లక్షణం తిరగబడుతుంది. షాఫ్టు సీలు పోతే హైడ్రాలిక్ ఆయిల్ ఇంజిన్‌లోకి దిగి, అక్కడి మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో ఈ విద్యను పద్ధతిగా నేర్పుతారు. షెడ్డు చదువుకు మాత్రం పుస్తకం పాత ట్రాక్టరే. తప్పు ఎక్కడుందో తేల్చకుండా పంపు మొత్తం మార్చేస్తే వేలల్లో ఖర్చవుతుంది. మార్చాక కూడా గొర్రు ఊగుతూనే ఉంటే, తెగింది పైపు దగ్గరి రింగే అయి ఉండొచ్చు. దాని ఖరీదు ఇద్దరి టీ ఖర్చు. నాట్ల అదనులో ట్రాక్టర్ నాలుగు రోజులు షెడ్డులో నిలిచిన నష్టం దీనికి అదనం.

పనయ్యాక బరువు తగిలించి, లిఫ్టు పూర్తిగా ఎత్తి, ఇంజిన్ ఆపుతారు. గొర్రు ఎత్తును పక్క గోడ మీద సుద్దతో గీస్తారు. పాత బండి కదా, కాస్త దిగడం సహజమే. టీ చల్లారేలోపే నేల తాకితే మాత్రం మళ్లీ విప్పాల్సిందే. మేస్త్రీ చేతులు తుడుచుకుని హోటల్ వైపు నడుస్తాడు. రైతు వెళ్లడు. గీత ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తుంటాడు.