‘పగోడా’ పదవిచారం

మన ప్రాచీన కట్టడాలను గురించి ఆంగ్లంలో వెలువడిన పాత నివేదికలలో పరిశోధకునికి తరచుగా ఎదురయ్యే మాట ‘పగోడా’. దానికి ఒకే అర్థమున్నట్లు భావించి చదవడం, తెలుగులో రాసేటప్పుడు అదే మాటను యథాతథంగా నిలపడం పరిపాటి అయింది. ఈ అలవాటు బౌద్ధ వారసత్వ అధ్యయనానికి చేటు చేస్తున్నది.

ఆంగ్లేయులు ఈ మాటను పోర్చుగీసువారి నుండి గ్రహించారు. విగ్రహం, ఆలయం, బంగారు నాణెం అనే మూడర్థాలూ పోర్చుగీసు వాడుకలోనే ఉన్నాయి. అంతకు పూర్వపు మూలం మాత్రం వివాదాస్పదం. 1886లో యూల్, బర్నెల్ ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ చర్చను విపులంగానే నడిపింది. ప్రధానమైన ప్రతిపాదనలు మూడు. మొదటిది విగ్రహగృహమనే అర్థమిచ్చే పారశీక పదం ‘బుత్‌కదా’. దీనికి అర్థం కుదురుతుంది కాని ధ్వని దూరం. రెండవది ‘భగవతి’. దీనికి ధ్వని దగ్గర. దేవతామూర్తికీ, ఆ మూర్తిని ముద్రించిన నాణేనికీ ఒకే పేరు రావడం కూడా దీనితో సులభంగా బోధపడుతుంది. మూడవది ధాతుగర్భ శబ్దభవమైన సింహళ పదం ‘దాగబ’. ఇది బౌద్ధులకు ప్రీతికరమైన వాదమే. కాని దీనిని అంగీకరించాలంటే అక్షరాలు తారుమారయ్యాయని ఊహించాలి. ధాతువులతో సంబంధం లేని విగ్రహానికీ నాణేనికీ ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలి. ప్రీతి ప్రమాణం కాదు. ఇక ‘బుత్‌’ అనే పారశీక పదమే ‘బుద్ధ’ శబ్దం నుండి పుట్టిందని భాషావేత్తలు పలువురి మతం. మొదటి ప్రతిపాదన నిలిచినట్లయితే, తథాగతుని నామమే విగ్రహమాత్రానికి పేరై, తిరిగి ఆయన స్తూపాలను చేరిందనుకోవాలి.

అర్థాల విషయం ఇంతకంటె చిక్కైనది. యూరోపు నావికులకు కోణార్క సూర్యాలయం ‘నల్ల పగోడా’. మహాబలిపురం ‘ఏడు పగోడాలు’. వీటిలో ఏదీ బౌద్ధం కాదు. 1762లో లండన్ సమీపాన క్యూ ఉద్యానంలో విలియం చేంబర్స్ చైనా పద్ధతిలో అంతస్తుల గోపురాన్ని నిర్మించాడు. నేడు ఆ మాట వినగానే పాఠకుల మనస్సులో మెదిలే రూపం అటువంటిదే. బర్మాలోనైతే ఘనంగా కట్టిన ‘జేదీ’, అనగా చైత్యం, లోపల ప్రవేశించి అర్చించదగిన ‘గూ’ ఆలయం, రెండూ ఆంగ్లంలో పగోడాలే. ఒకటి ప్రదక్షిణకు, ఒకటి ప్రవేశానికి. ఈ భేదం తెలియనివాడు ఆ కట్టడాన్ని చూసినా చూడనట్లే.

ఇక నాణెం సంగతి. మనం వరహా అని పిలిచినదానికే కంపెనీ లెక్కలలో పగోడా అని పేరు. 1818లో రూపాయి ప్రమాణనాణెం అయ్యేవరకు మద్రాసులో ఖాతాలు పగోడాలలోనే నడిచాయి. ఆనాటి పత్రంలో ఒక గుడికి ‘నూరు పగోడాలు’ ఇచ్చినట్లుంటే అవి నూరు వరహాలేకాని నూరు ఆలయాలు కావు.

ఈ అయోమయం వల్ల కలిగే నష్టాన్ని గ్రహించడానికి నాగపట్టణమే చాలు. 11వ శతాబ్ది తొలినాళ్ళలో శ్రీవిజయ రాజులు అక్కడ చూడామణి విహారాన్ని కట్టించగా, రాజరాజ చోళుడు ఆనైమంగలం గ్రామాన్ని దానికి సమర్పించాడు. ఆ పట్టణంలో నావికులకు గురుతుగా నిలిచిన ఒక ఇటుక గోపురం 19వ శతాబ్ది వరకు మిగిలింది. 1845లో అమరావతిలో తవ్వకాలు జరిపించిన వాల్టర్ ఇలియట్ మరుసటి ఏడు ఈ గోపురాన్ని చూచి వర్ణించాడు. 1867లో జెసూట్ సంస్థ ప్రభుత్వానుమతితో దానిని పడగొట్టింది. 1878లో ఇలియట్ ప్రకటించిన వ్యాసానికి పేరు పెట్టేనాటికి అది ‘చీనా లేక జైన పగోడా’గా పిలువబడిన కట్టడం మాత్రమే. అది చూడామణి విహారంలోనిదా, తరువాత చైనా బౌద్ధుల కోసం వెలసినదా అన్న విషయంలో పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. 1856 మొదలుకొని అక్కడ బయల్పడిన బౌద్ధ కాంస్యమూర్తులు మూడువందలకు పైబడినవి. వాటిపై టి.ఎన్. రామచంద్రన్ గ్రంథం 1954లో వెలువడింది. విగ్రహాలకు వివరమైన పట్టిక దక్కింది. గోపురానికి మిగిలింది ఎవరిదో తేల్చని ఒక పేరు. ఆ పేరే కూల్చివేతకు కారణమని చెప్పడం అతిశయోక్తి. కాని ఆ కట్టడం ఏ మతానిదో, ఎందుకు కట్టినదో ఆ పేరులో లేకపోవడం వల్ల, దాని పక్షాన వాదించదలచినవారికి ఆధారం కొరవడిందనడంలో సందేహం లేదు.

కనుక పాత ఆధారాన్ని ఉదహరించేటప్పుడు పగోడా పదాన్ని ఉల్లేఖన చిహ్నాలలో ఉంచి, రాసినవాడెవడో, ఏ కాలంవాడో, అతడు చూచిన వస్తువేదో పక్కనే తెలపాలి. మన సొంత వాక్యంలో మాత్రం స్తూపం, చైత్యం, విహారం, ఆలయం, వరహా అనే మాటలలో తగినదానిని ఎన్నుకోవాలి. కట్టడమేదో తేలనప్పుడు ‘ఇటుక గోపురం’ అని కంటికి కనబడినంత మేరకే చెప్పడం మేలు. అమరావతి స్తూపాన్ని స్థానికులు దీపాలదిన్నె అన్నారు. అది స్తూపమని ఆ పేరు చెప్పలేదు; అయినా చూచినదానిని చూచినట్లు చెప్పింది. ‘పగోడా’ ఆపాటి మేలైనా చేయలేదు.