వదులుకోవడం తెలిసిన చేతులు

1835లో స్వరకర్త షూమన్ తన సంగీత పత్రికలో బెర్లియోజ్ ‘ఫంటాస్టిక్ సింఫనీ’ మీద సుదీర్ఘమైన సమీక్ష రాశాడు. అప్పటికి ఆ సింఫనీ ఆర్కెస్ట్రా స్కోరు ఇంకా అచ్చు కాలేదు. అది వెలువడింది 1845లో. షూమన్ ముందున్నదల్లా లిస్ట్ తయారుచేసిన పియానో ప్రతి. దాన్ని చదివే ఆయన ఆ సింఫనీ నిర్మాణాన్ని విప్పి చూపించాడు. పియానో ట్రాన్స్‌క్రిప్షన్లను, అంటే వేరే వాద్యాల కోసం రాసిన కృతులను పియానోకు మలిచిన ప్రతులను, నకళ్లుగా తీసిపారేసేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతే.

రికార్డులు లేని ఆ రోజుల్లో సింఫనీ వినాలంటే ఆర్కెస్ట్రా ఉన్న ఊళ్లో ఉండాలి. అందుకే ఇళ్లలో ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయించుకునే ప్రతులు విరివిగా అచ్చయ్యేవి. అవి అవసరం తీర్చాయి. లిస్ట్, బ్రామ్స్, బుసోనీ వంటి స్వరకర్తలు తలపెట్టినది మాత్రం వేరు.

పియానోకు ఒక పెద్ద లోటు ఉంది. మీట నొక్కగానే సుత్తి తీగను కొడుతుంది. ఆ క్షణం నుంచీ నాదం తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. వీణలో తీగను లాగి గమకం పలికించినట్టు ఇక్కడ కుదరదు, వయొలిన్ కమానుతో లాగా స్వరాన్ని నిలబెట్టడమూ కుదరదు. ఈ లోటును దాటడానికే ఇన్ని కిటుకులు పుట్టాయి. రెండు స్వరాలను వేగంగా మార్చి మార్చి కొడితే నాదం నిలిచి ఉన్నట్టు చెవి నమ్ముతుంది. మంద్రస్థాయిలో ఒక స్వరం కొట్టి, పెడల్‌తో దాన్ని మోగనిస్తూ, చెయ్యి పైస్థాయికి దూకుతుంది. పియానిస్టు థాల్‌బెర్గ్‌కు పేరు తెచ్చిన పద్ధతి మరొకటి: బాణీని నడిమి స్థాయిలో రెండు బొటనవేళ్లూ పంచుకుంటాయి, మిగతా వేళ్లు దాని చుట్టూ స్వరాలు అల్లుతాయి. వినేవాళ్లకు మూడో చెయ్యి ఉన్నట్టే ఉంటుంది.

అయితే కిటుకులతో సంగీతం రాదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయంలోనే ట్రాన్స్‌క్రిప్షన్ చేసేవాడి సంగీతజ్ఞానమంతా బయటపడుతుంది. దీనికి బాఖ్ ‘షకోన్’ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. డి మైనర్‌లో ఒంటరి వయొలిన్ కోసం ఆయన రాసిన రెండో పార్టిటాలో చివరి భాగం అది. ఒక చిన్న స్వరక్రమాన్ని ఆధారం చేసుకుని దాదాపు పావుగంట పాటు కొత్త కొత్త రూపాలు విప్పుతూ పోతుంది. కమాను ఒకేసారి నాలుగు తీగల మీద నిలవలేదు కాబట్టి అక్కడ చాలా స్వరాలు తునకలుగానే వినిపిస్తాయి, మిగతాది వినేవాడి ఊహ పూరించుకుంటుంది.

1877లో బ్రామ్స్ దీన్ని ఎడమచేతికి మాత్రమే రాసి పియానిస్టు క్లారా షూమన్‌కు పంపాడు. సరిగ్గా అదే సమయంలో ఆమె కుడిచెయ్యి బెణికి ఉంది. బ్రామ్స్‌కు ఆ సంగతి తెలియదు. ఒక్క చేత్తో వాయిస్తేనే వయొలిన్ వాయించేవాడి కష్టం తనకు అనుభవమవుతుందన్నది ఆయన ఉద్దేశం. అందుకే దాదాపుగా ఏమీ చేర్చలేదు, ఒక స్థాయి కిందికి దించాడంతే. రెండు చేతులున్న వాద్యంలో ఒక చేతిని కావాలని వదులుకోవడం ఎంత సాహసం!

1890లలో బుసోనీ ఎదురు దారి పట్టాడు. రెండు చేతులూ, పియానో నిడివి మొత్తం, ఆర్గాన్‌కు తగ్గ గాంభీర్యం. డి మేజర్‌కు మారే చోట ట్రాంబోన్లలా వాయించమని సూచన రాశాడు. బాఖ్ చెప్పకుండా ఊహకు వదిలిన స్వరాలన్నీ ఇక్కడ గొంతెత్తి పలుకుతాయి. బుసోనీ ప్రతి నన్ను కదిలిస్తుంది, కానీ బాఖ్‌కు దగ్గరగా ఉన్నది బ్రామ్స్‌దేనని నా నమ్మకం.

ఇక లిస్ట్ సంగతి. షూబర్ట్ పాట ‘ఎర్ల్‌కోనిగ్’లో అసలు పియానో భాగమే వేళ్లను అలసటతో పడగొడుతుంది. లిస్ట్ దానిపైన గాయకుడి వరుసను కూడా అదే రెండు చేతులకు అప్పగించాడు. పాటలోని తండ్రి మాటలు కింది స్థాయిలో, భయపడ్డ పిల్లవాడివి పైస్థాయిలో. పదాలు లేకపోయినా ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. బేతోవెన్ తొమ్మిది సింఫనీలనూ ఆయన పియానోకు తెచ్చాడు. 1837లో మొదలైన పని 1865లో గానీ పూర్తిగా అచ్చులోకి రాలేదు. తొమ్మిదో సింఫనీ చివరి భాగం, బృందగానంతో సహా, రెండు చేతులకు లొంగదని మొదట చేతులెత్తేశాడు. ప్రచురణకర్త పట్టుబట్టాక మళ్లీ పూనుకున్నాడు.

ఇదంతా వేళ్ల గారడీ అన్న విమర్శ పాతదే. కొన్నింటి విషయంలో అది నిజం కూడా. చప్పట్ల కోసమే చేర్చిన పరుగులు ఆపెరా బాణీల మీద అల్లిన ఫాంటసీల్లో కావలసినన్ని. వాటి కోసం నేను వాదించను. కానీ ఆ సాకుతో మొత్తం సంప్రదాయాన్ని తక్కువ చేయడం అన్యాయం. వివాల్డీ కన్చెర్టోలను హార్ప్సికార్డ్‌కు, ఆర్గాన్‌కు మలిచినవాడు బాఖే. ఆయన చేసిన పనిని ఆయన కృతుల మీద చేస్తే తప్పెలా అవుతుంది?

వీలైతే షకోన్‌ను ముందు వయొలిన్ మీద వినండి, తర్వాత బ్రామ్స్ ప్రతి, ఆఖరున బుసోనీది. బేతోవెన్ ఐదో సింఫనీ లిస్ట్ ప్రతికి పియానిస్టు గ్లెన్ గూల్డ్ రికార్డింగు ఉంది, తొమ్మిదింటినీ సిప్రియన్ కత్సారిస్ రికార్డు చేశాడు. ఆర్కెస్ట్రాతో ఆ సింఫనీలు బాగా తెలిసినవాళ్లు వీటిని తప్పక వినాలి.