ఓడకి పేరుంది, ఓడ కట్టినోళ్ళకి లేదు: అంతరిక్ష వ్యూహ క్రీడల్లో నామకరణం

పేరు ఎవరు పెట్టాలి అన్నది దళిత ఉద్యమానికి కొత్త ప్రశ్నేమీ కాదు. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభ, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన, 'పంచములు' అన్న పేరుని తోసిపుచ్చి 'ఆది ఆంధ్రులం' అని ప్రకటించుకుంది. పంచమ అంటే నాలుగు వర్ణాల లెక్క తేలాక బయట మిగిలినవాళ్ళని. అది పేరు కాదు, లెక్కలో మిగులు. ఆ సభ అధ్యక్షుడు కూడా మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మ అయినవాడే. ఈ చరిత్ర మోస్తున్నవాళ్ళం కాబట్టే కంప్యూటర్ ఆటల్లో ఓడలకీ నౌకాదళాలకీ పేర్లు పెట్టే పద్ధతి గూర్చి రాయటం మాకు కాలక్షేపంగా తోచటం లేదు.

'ఆటలేగా, వాటికి విమర్శెందుకు' అనేవాళ్ళుంటారు. నవల మీద, సినిమా మీద కులదృష్టితో విమర్శ రాసినప్పుడు కూడా ఇదే మాటన్నారు. ఇవాళ మా హాస్టల్ గదుల్లో కుర్రాళ్ళు నవల కన్నా ఎక్కువ పొద్దు ఈ ఆటలతోనే గడుపుతున్నారు. గడిపేచోట ఏం నేర్చుకుంటున్నారో చూడకపోతే ఎట్లా?

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాం. ఈ ఆటల్లో ఒక నక్షత్రపటం వుంటుంది. ఆడేవాడు ఒక జాతికి అధిపతి. గ్రహాలు ఆక్రమిస్తాడు, ఖనిజం తవ్విస్తాడు, ఓడలు కట్టిస్తాడు, దండు కట్టి యుద్ధానికి పంపుతాడు. తవ్వేవాడుగా, కట్టేవాడుగా ఆడే అవకాశం మామూలుగా వుండదు. ఎప్పుడూ పైనించి చూడటమే. కాబట్టి పేరు కూడా పైనించే దిగుతుంది.

1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్‌లో ఓడ నమూనాకి పేరు పెట్టొచ్చు గానీ విడివిడి ఓడలకి పేర్లుండవు, వాటికి లెక్కే. ఒకేసారి ఆరు నమూనాలే వుండాలి. ఏడోది కావాలంటే పాతదాన్ని ఒకదాన్ని, ఆ పేరు మోస్తున్న ఓడలన్నిటితో సహా, తుక్కు చెయ్యాలి. స్వీడన్‌కి చెందిన పారడాక్స్ వాళ్ళు 2016లో తెచ్చిన స్టెలారిస్‌లో అట్లా కాదు. ప్రతి ఓడకీ పేరుంది, ప్రతి దండుకీ పేరుంది. మనం పెట్టకపోతే ఆటే ఒక పేర్ల జాబితాలోంచి తీసి పెడుతుంది. ఆ జాబితాలో యుద్ధనౌకలకి వేరు, పరిశోధన ఓడలకి వేరు, నిర్మాణం చేసే ఓడలకి వేరు. సేనానికీ, పాలకుడికీ, శాస్త్రవేత్తకీ కూడా పేర్లొస్తాయి. ఎవరికి రావు? గ్రహాల మీద పొలం దున్నేవాళ్ళకి, గని తవ్వేవాళ్ళకి రావు. వాళ్ళని ఆట 'పాప్స్' అంటుంది, అంటే జనాభా ముక్కలు. ఓడకి పేరుంది, ఆ ఓడకి లోహం తవ్వినోళ్ళకి లేదు.

ఇది యాదృచ్ఛికం అనుకునేవాళ్ళు అదే ఆటలో బానిసత్వపు రకాలు చూడాలి. ఆస్తిగా వుండే బానిసలు, ఇంటి చాకిరీ బానిసలు, యుద్ధం చేసే బానిసలు, చివరికి తిండికి పెంచే పశువుల్లాంటి బానిసలు. అన్నిటికీ విడివిడిగా పేర్లున్నాయి. చాకిరీని వర్గీకరించటంలో వున్న శ్రద్ధ చాకిరీ చేసేవాళ్ళని పిలవటంలో లేదు. 2017 నాటి కూర్పులో 'క్యాస్ట్ సిస్టమ్' అన్న పేరుతోనే ఒక అంతస్తుండేది. తిండి పండించేవాళ్ళు, ఖనిజం తవ్వేవాళ్ళు బానిసలు, మిగతావాళ్ళు పౌరులు. తర్వాతి కూర్పుల్లో ఆ మాట తీసేశారు. కానీ ఒకే గ్రహం మీద రెండు జాతులు కలిసి పుట్టి, రెండోది స్వభావం చేతనే 'సర్వైల్' అయివుండటం అన్నది అట్లాగే వుంది. సర్వైల్ అంటే దాస్యానికే తగినది. పై కొలువులకి ఆ జాతి పనికిరాదని నియమం. పుట్టుకతోనే, ఒంట్లోనే దాస్యం వుందట! కులాన్ని సహజమైన శ్రమ విభజనగా సమర్థించే వాదాన్ని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తిప్పికొట్టారు. అదే వాదం ఇప్పుడు జీవశాస్త్రం వేషంలో చుక్కల్లోకెక్కింది.

పేరుకీ అంతస్తుకీ వున్న సంబంధాన్ని మన దేశంలో శాస్త్రంగా రాసిపెట్టినవాడు మనువు. బ్రాహ్మడి పేరులో శుభం, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం, శూద్రుడి పేరులో నీచత్వం పలకాలన్నాడు. పంచముడికి ఆ జాబితాలో చోటే లేదు. దీన్ని పక్కన పెట్టుకుని ఐస్‌లాండ్ వాళ్ళు 2003లో మొదలుపెట్టిన ఈవ్ ఆన్‌లైన్ చూడండి. అది అచ్చంగా వ్యూహ క్రీడ కాదు, వేలమంది కలిసి ఆడేది. కానీ మనకి కావలసిన సంగతి అందులో బాగా కనబడుతుంది. అందులో అమార్ అనే సామ్రాజ్యం మిన్‌మటార్ అనే జనాన్ని తరాలపాటు బానిసలుగా వుంచింది. వాళ్ళు తిరగబడి సొంత రాజ్యం కట్టుకున్నారు. అమార్ ఓడల పేర్లేమిటి? పనిషర్, ఎగ్జిక్యూషనర్, క్రూసిఫైయర్, ఇన్‌క్విజిటర్, రిడీమర్. శిక్షించేవాడు, తలారి, సిలువ వేసేవాడు, మతద్రోహుల్ని విచారించేవాడు, విమోచకుడు. సరుకులు మోసే ఓడకి 'బెస్టోవర్', అంటే దాత. మోసేదాన్ని కూడా దాత అనిపించుకోవటం దొరలకే చెల్లు. మరి బానిసత్వం తెంచుకున్నవాళ్ళ ఓడలు? సైక్లోన్, హరికేన్, టైఫూన్, టెంపెస్ట్. అన్నీ గాలివానలే. తుప్పు రేకులు అతికించినట్టుండే ఓడలకి తుఫాను పేర్లు. శిక్షా ధర్మమూ దొరలవి, ప్రకృతి కోపం బానిసలది. తిరగబడ్డవాణ్ణి కూడా ఆలోచన వున్న మనిషిగా కాక వూరిమీద పడ్డ వరదగానే చూసే చూపు ఇది. మన పత్రికలు దళితుల తిరుగుబాటు గూర్చి రాసేటప్పుడు వాడే భాషకి ఇది దూరం కాదు.

ఒక మాట దగ్గర మేము కాసేపు ఆగాం. ఎగ్జిక్యూషనర్‌ని తెలుగులో తలారి అంటాం. కానీ మన వూళ్ళో తలారి ఎవరు? కరణం, మునసబుల కింద పరుగులు పెట్టిన అందరికన్నా చిన్న కొలువువాడు. శిక్ష వేసేది పెద్దలు, దాని పాపం మోసేది తలారి. అమార్ సామ్రాజ్యం ఆ పనిని ఓడకి బిరుదుగా తగిలించుకుంటుంది, మన వూరు ఆ పనిని ఒక మనిషికి ఇంటిపేరుగా అంటగడుతుంది. తెలుగులోకి తెచ్చుకుంటే గానీ ఈ తేడా బయటపడదు. అందుకే ఈ ఆటల్ని ఇంగ్లీషులో ఆడి ఇంగ్లీషులోనే వదిలెయ్యటం సరిపోదంటున్నాం.

అదే ఆటలో ఇంకో సంగతి. కొత్త ఓడకి నువ్వు పేరు పెట్టకపోతే 'ఫలానావాడి రిఫ్టర్' అని నీ పేరుతోనే పిలుస్తుంది. ఫలానావారి పాలేరు, ఫలానావారి జీతగాడు అన్నట్టు. మా తాతలకి వూళ్ళో వున్న పేరు చాలాసార్లు ఇదే. ఇంట్లో వేరే పేరుంది. బిడ్డలు దక్కకపోతే పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పిలుచుకున్న తల్లులున్నారు. చావు కూడా ముట్టుకోకూడదని పెట్టుకున్న పేరు అది. వీధిలోకొచ్చేసరికి దానికి 'గాడు' తగిలించి తిట్టు చేశారు. మాలో బడి గడప మొదటిసారి తొక్కినవాళ్ళలో చాలామందికి హాజరుపట్టీలో పంతులు రాసుకున్న పేరొకటి, అమ్మ పిలిచే పేరొకటి. పేరు పెట్టటంలో ప్రేమా వుంది, పెత్తనమూ వుంది. ఏది ఏదో తేల్చుకోవాలి.

ఇదంతా ఆటల గొడవే అనుకోకండి. నిజమైన సముద్రం మీద కూడా ఇంతే. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక 1980లో నౌకాదళంలో చేరి, 2021 మేలో విశాఖపట్నంలో విరమించింది. ఒక కులం పేరు 41 ఏళ్ళు సముద్రం మీద గౌరవంగా తిరిగింది. దానికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. 1943లో కట్టిన చమార్ రెజిమెంట్‌ని 1946లోనే రద్దు చేశారు. యుద్ధానికి తగిన పేరేది, తగనిదేది అన్న నిర్ణయం ఆట తయారుచేసేవాళ్ళకన్నా ముందే జరిగిపోయింది.

అన్ని ఆటలూ ఒకటే అని మేమనం. 2000లో వచ్చిన హోంవరల్డ్: కాటక్లిజం మాకు నచ్చిన ఆట. అందులో కథానాయకులు సోమ్‌టావ్ అనే చిన్న వంశం, గనులు తవ్వుకు బతికేవాళ్ళు. పెద్ద వంశాల మధ్య వాళ్ళకి పలుకుబడి లేదు. వాళ్ళ తవ్వకపు ఓడ పేరు కూన్-లాన్, దాని తోడు ఓడ ఫాల్-కోరమ్. రెండూ వాళ్ళ సొంత మాటలే. చివరికి అందర్నీ మింగబోయే ఆపదని ఆపేది ఆ తవ్వకపు ఓడే. పని పేరుని దాచుకోకుండానే గౌరవం తెచ్చుకున్నారు. అక్కడ కూడా గుంపులో ఖనిజం ఏరుకొచ్చే ఓడ ఉత్త 'వర్కరే', యుద్ధ ఓడలు అకొలైట్, డీకన్, ఆర్కేంజెల్. డీకన్ అనే మాట మా పల్లెల్లో బాప్టిస్టు సంఘాలవాళ్ళకి కొత్తదేం కాదు. సంఘంలో పరిచర్య చేసే మనిషి పేరు ఇక్కడ విధ్వంసక నౌకదయింది. ఇంకా విచిత్రం, కాటక్లిజం అన్న మాట ట్రేడ్‌మార్కు వేరే పెద్ద కంపెనీ చేతిలో వుండటంతో 2017లో ఆ ఆటనే 'ఎమర్జెన్స్' అని పేరు మార్చి అమ్మాల్సొచ్చింది. గనివాళ్ళ కథకి తన పేరు మీద తనకే హక్కు లేకుండా పోయింది!

మరి మనమేం చెయ్యాలి? స్టెలారిస్‌లో పేర్ల జాబితా మామూలు అక్షరాల ఫైలు. ఎవరైనా తెరిచి తిరగరాయొచ్చు. మా మిత్రుల్లో కొందరు భాగ్యరెడ్డి వర్మ పేరుతో, జాషువా పేరుతో ఓడలు నడిపిస్తున్నారు. మాకు సంతోషమే. కారంచేడు, చుండూరు పేర్లు దండులకి పెట్టాలని ఒకరన్నారు. అక్కడ మేము ఒప్పుకోలేదు. 1985లో, 1991లో ఆ వూళ్ళల్లో చచ్చిపోయినవాళ్ళు దండెత్తి పోయినవాళ్ళు కాదు, ఇళ్ళ దగ్గరా పొలాల్లోనూ వేటాడబడ్డవాళ్ళు. పక్క గ్రహం మీదకి దండెత్తే ఓడల గుంపుకి వాళ్ళ వూరి పేరు తగిలిస్తే, దాడి చేసినవాళ్ళ పనికి దాడికి గురైనవాళ్ళ పేరు పెట్టినట్టవుతుంది. పేరు మన చేతికొచ్చింది గదా అని పని ఏమిటో చూడకుండా పెట్టకూడదు.

అసలు సంగతి ఇంకొకటుంది. ఆ పేర్ల ఫైలు వున్న సంచీలోనే, దాని పక్కనే, జాతి లక్షణాల ఫైళ్ళు కూడా వున్నాయి. సర్వైల్ అన్న లక్షణం రాసివుండేది అక్కడ. అదీ అక్షరాలే, అదీ తెరిచేదే. ఓడ పేరు భాగ్యరెడ్డి వర్మ అయ్యి, ఆ ఓడకి లోహం తవ్వే జాతి పుట్టుకతో దాస్యానికే తగినదయితే, మనం పేరు మార్చామే గానీ వూరు మార్చలేదు. 'క్యాస్ట్' అన్న మాట తీసేసి అంతస్తుని వుంచిన కంపెనీ చేసిందీ అంతే. మొదటి ఫైలు తెరిచిన పిల్లలు రెండోది కూడా తెరవాలి. తవ్వేవాళ్ళకీ దున్నేవాళ్ళకీ పేర్లు రాయాలి. అందుకు ఆటలో చోటు లేకపోతే ఆ చోటు ఎందుకు లేదో అడగాలి.