గోడను మరచిన సలహాలు

గోడకు ఒక పుస్తకాల పలక బిగించవలెనంటే వడ్రంగికి కబురు పెట్టి, అతడు వచ్చే వరకు వేచి ఉండడం మన ఇండ్లలో చాలకాలము సాగిన అలవాటు. ఇప్పుడు గోడలను తొలిచే విద్యుత్ యంత్రము, అనగా అందరూ డ్రిల్లు మిషను అని పిలిచేది, మధ్యతరగతి ఇండ్లలో కూడా చోటు సంపాదించుకొన్నది. దానితో పాటు సలహాలూ వచ్చాయి. యంత్రపు పెట్టెలో ఒక కరపత్రము ఉంటుంది. చేతిలోని ఫోనులో అర నిమిషపు చిత్రాలు లెక్కకు మించి ఉంటాయి. ఎవరి పని వారే చేసుకొనండని ప్రోత్సహించే ఈ సలహా సాహిత్యము తెలుగులో కూడా పెరుగుతున్నది. పెరగడం మంచిదే. అయితే ఇందులో సైన్సు పాలు ఎంత, లోపించినది ఏమిటి అని తూచి చూడవలసిన అవసరము కూడా పెరిగింది.

ఈ సలహాలన్నింటికీ ఒకే వరుస. మొదట యంత్రమును పరిచయము చేస్తారు: ఎన్ని వాట్లు, నిమిషానికి ఎన్ని చుట్లు, ఎంత లావు రంధ్రము చేయగలదు. తరువాత రంధ్రము, ప్లగ్గు, స్క్రూ. చివర పూలకుండీతో అలంకరించిన పలక. ఈ కథలో నాయకుడు యంత్రము. గోడ నాటకములో వెనుక తెర వంటిది. దానికి రంగు తప్ప వేరే గుణము లేదు. కాని పలకను మోసేది యంత్రము కాదు. యంత్రము రెండు నిమిషాలలో తన పని ముగించుకొని పెట్టెలోనికి పోతుంది. ఆ తరువాత పదేండ్లు భారము భరించవలసినది గోడ.

యంత్రానికి ఇంత ప్రాముఖ్యము రావడానికి చరిత్రలో కారణము ఉన్నది. అమెరికాలో బాల్టిమోరు నగరానికి చెందిన బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ, పిస్తోలు వంటి పిడి, వ్రేలితో నొక్కే మీట గల డ్రిల్లుకు 1917లో పేటెంటు పొందింది. 1946లో అదే సంస్థ గృహస్థుల కొరకు ప్రత్యేకముగా చౌక రకాలను తయారుచేసింది. కర్మాగారపు పనిముట్టు ఇంటిలోనికి అడుగు పెట్టినది అప్పుడు. అమ్మవలసిన వస్తువు యంత్రము కనుక సలహా కూడా యంత్రము చుట్టూ అల్లుకొన్నది.

నిజానికి ఈ పనిలో అసలు తెలివి ఉన్నది యంత్రములో కాదు, రంధ్రములో దూర్చే చిన్న ప్లగ్గులో. దీనికి మూలపురుషుడు లండనుకు చెందిన కట్టడముల కాంట్రాక్టరు జాన్ జోసెఫ్ రాలింగ్స్. బ్రిటిష్ మ్యూజియములో గోడలు పాడు కాకుండా విద్యుత్ పరికరాలను బిగించవలసి వచ్చినప్పుడు, 1911 ప్రాంతములో, ఆయన జనపనారను జిగురు పదార్థాలతో గట్టిపరచి చిన్న గొట్టముగా చేశాడు. దాని పేరు రాల్‌ప్లగ్. మన హార్డువేరు దుకాణాలలో రావల్ ప్లగ్గు అని నేటికీ అడిగేది ఆయన పేరునే. హైదరాబాదు వైపు గిట్టీ అంటే చాలు, ఇస్తారు. ఈనాడు వాడుకలో ఉన్న నైలాను ప్లగ్గును 1958లో రూపొందించినవాడు జర్మనీకి చెందిన ఆర్టుర్ ఫిషర్. ఆయన పేర పదకొండు వందలకు పైగా పేటెంట్లు ఉన్నాయి.

ప్లగ్గు పనిచేసే తీరు మన పల్లెలలో తెలియనిది కాదు. గొడ్డలి కామ వదులైతే దాని తలలో చీల కొడతారు, కర్ర విచ్చుకొని ఇనుప కన్నము అంచులను ఒత్తుతుంది, ఇక ఊడిరాదు. స్క్రూ ప్లగ్గులోనికి దిగినప్పుడు జరిగేది కూడా ఇదే. ప్లగ్గు విచ్చుకొని రంధ్రపు గోడలను బయటికి నెడుతుంది, అవి ప్లగ్గును అంతే బలముతో తిరిగి నెడతాయి. ఆ ఒత్తిడి వలన పుట్టే ఘర్షణయే స్క్రూను పట్టి ఉంచుతుంది. గొడ్డలి కన్నము ఇనుము కనుక విచ్చుకొనదు. గోడ సంగతి అలా కాదు. మెత్తని గోడ తిరిగి నెట్టదు. నలిగి పొడి అవుతుంది. అప్పుడు ఎంత మంచి ప్లగ్గు అయినా బురదలో పాతిన గుంజతో సమానము.

సలహాలు మౌనము వహించే చోటు సరిగా ఇదే. మన గోడలు ఒక్క తీరుగా లేవు. ఇటుక గోడ లోపలి వైపు సిమెంటు పూత సాధారణముగా 12 నుండి 15 మిల్లీమీటర్లు ఉంటుంది. 40 మిల్లీమీటర్ల ప్లగ్గు పెడితే అందులో 25 మిల్లీమీటర్లు ఇటుకలో దిగుతుంది, సరిపోతుంది. 25 మిల్లీమీటర్ల పొట్టి ప్లగ్గు పెడితే సగానికి పైగా పూతలోనే ఉండిపోతుంది, ఆ పూతయేమో భారము మోయుటకు చేసినది కాదు. పాత ఇండ్ల సంగతి మరీ వేరు. రాళ్ళను, ఇటుకలను మట్టితో పేర్చి, పైన గానుగ సున్నముతో అంగుళము మందము పూసిన గోడలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అక్కడ ప్లగ్గు సున్నములోనే మొదలై, సున్నములోనో మట్టిలోనో ముగుస్తుంది. ఇక నగరాలలోని కొత్త అపార్టుమెంట్లలో బూడిదరంగు తేలిక దిమ్మలు వచ్చాయి. సిమెంటు, సున్నము కలిపిన ముద్దలో అల్యూమినియము పొడి వేస్తే హైడ్రోజను వాయువు పుట్టి, ఇడ్లీ పిండి పొంగినట్లు బుడగలతో పొంగుతుంది. దానిని ఆవిరి ఒత్తిడిలో గట్టిపరుస్తారు. ఇటుక గోడ ఘనపు మీటరుకు దాదాపు 1,800 కిలోలు తూగితే ఈ దిమ్మలు 550 నుండి 650 కిలోలు మాత్రమే. బుడగల గోడలో మామూలు ప్లగ్గు విచ్చుకొంటే బుడగలు చితికి రంధ్రము పెద్దదవుతుంది. అక్కడ సుత్తి దెబ్బ మీటను ఆపి, వట్టి తిరుగుడుతోనే తొలిచి, ఆ దిమ్మల కొరకే చేసిన పొడుగైన ప్లగ్గులు వాడవలెను. ఒకే చిత్రములో ఒకే ప్లగ్గును అన్ని గోడలకు చూపించేవారికి ఈ భేదము తెలియదనుకొనాలా, తెలిసీ చెప్పలేదనుకొనాలా?

గోడ ఏ జాతిదో తెలుసుకొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. రంధ్రము నుండి రాలే పొడిని చూస్తే చాలు. మొదట బూడిదరంగు పొడి వచ్చి, తరువాత ఎర్రగా మారితే సిమెంటు పూత దాటి ఇటుక తగిలిందన్న మాట. తెల్లగా, మెత్తగా, ఆగకుండా వస్తే సున్నము. బూడిదరంగు పొడే వస్తూ మొన ముందుకు సాగకుంటే అది కాంక్రీటు స్తంభమో దూలమో. లోపల ఇనుప చువ్వ కూడా ఉండవచ్చును. అక్కడ బలము కొద్దీ నొక్కితే మొనకు అతికిన టంగ్‌స్టన్ కార్బైడు ముక్క వేడెక్కి ఊడిపోతుంది. మొన ఒక్కసారిగా లోనికి జారితే ఇటుకల నడుమ సందో, డొల్ల దిమ్మయో.

రెండవ లోపము లెక్కకు సంబంధించినది. "ఈ పలక 20 కిలోలు మోస్తుంది" అని వ్రాస్తారు. ఎక్కడ పెట్టిన 20 కిలోలు? గోడ నుండి 25 సెంటీమీటర్లు ముందుకు వచ్చిన పలక మీద ఆ బరువు సమముగా పరచి ఉంటే, అది 12.5 సెంటీమీటర్ల దూరములో ఉన్నట్లు లెక్క. పలకను మోసే రెండు ఇనుప బ్రాకెట్ల అడుగు అంచు గోడకు ఆనుకొని ఉంటుంది. పై స్క్రూ ఆ అంచుకు 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, తులాదండ సూత్రము ప్రకారము ఒక్కొక్క పై స్క్రూను గోడ నుండి బయటికి లాగే బలము ఆరు కిలోల పైచిలుకు. ఆ ఎత్తు 5 సెంటీమీటర్లే ఉంటే 25 కిలోలు. పుస్తకాలన్నీ పలక ముందు అంచుకు జరిగితే 50 కిలోలు! బరువు మారలేదు, లాగుడు ఎనిమిది రెట్లయినది. చూపుకు నాజూకుగా ఉంటుందని నేడు అందరూ మెచ్చే, బ్రాకెట్టు కనిపించని పలకలలో ఈ ఎత్తు మరీ తక్కువ. పలక క్రింద మంచము వేసుకొనేవారికి ఈ లెక్క ఎవరైనా చెప్పవలసి ఉన్నది.

విద్యుత్తు విషయములో కరపత్రాలను పూర్తిగా నిందించరాదు. మొన దాగిన తీగకు తగిలే అవకాశమున్నచోట యంత్రమును రబ్బరు పట్టు భాగములోనే పట్టుకొనవలెనని చాలా వాటిలో చిన్న అక్షరాలతో ఉంటుంది. అయితే తీగ ఎక్కడ దాగినదో గృహస్థునికి తెలిసేది ఎట్లా? స్విచ్చి బోర్డుకు నిట్టనిలువుగా పైన, క్రింద గొట్టము ఉంటుందని అనుకొనడం మొదటి జాగ్రత్త. దానికి అడ్డముగా, ఏటవాలుగా పోయిన గొట్టాలు కూడా ఉండవచ్చును కనుక అదే చాలదు. తీగను కనిపెట్టే చిన్న పరికరాలు దుకాణాలలో దొరుకుతాయి. ఆ గోడ లైనును మెయిను దగ్గర ఆపి, యంత్రానికి వేరే గది నుండి కరెంటు తీసుకొనడం ఇంకా మేలు. ఇంటిలో ఎమ్.సి.బి. ఉన్నదన్న ధైర్యము పనికిరాదు. అది ఆంపియర్లను చూచి తెగుతుంది; మనిషి ప్రాణము తీయడానికి కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. వెళ్ళిన కరెంటుకు, తిరిగి వచ్చిన కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే తెగిపోయే ఆర్.సి.సి.బి. ఉన్న ఇంటిలోనే ఈ సాహసము చేయడం తగును.

సలహాదారులందరూ ఒక్క తీరు వారు కారు. 1950ల చివర, 1960లలో ఇంగ్లండులో బారీ బక్‌నెల్ అనే ఆయన బి.బి.సి. టెలివిజనులో ఇంటి మరమ్మతులు చేసి చూపేవాడు. ప్రసారము అప్పటికప్పుడు జరిగేది కనుక అతికినది ఊడినా, నిలబెట్టినది పడినా జనమంతా చూచేవారు. పాత తలుపుల మీద హార్డుబోర్డు కొట్టి నునుపు చేయడం వంటి ఆయన అభిరుచులను తరువాతి తరము నిందించింది, న్యాయముగానే. అయినా వైఫల్యమును దాచలేకపోవడం ఆ కార్యక్రమపు గొప్ప గుణము. నేటి అర నిమిషపు చిత్రములో ఊడిపోయిన ప్లగ్గు కత్తిరింపులో పోతుంది, నిలిచినది మాత్రమే మిగులుతుంది.

ఊడిన రంధ్రమును గురించి ప్రచారములో ఉన్న ఒక చిట్కా ఉన్నది: అగ్గిపుల్లలు కుక్కి, తెల్ల సిమెంటు మెత్తి, మళ్ళీ స్క్రూ బిగించమంటారు. గోడ గట్టిదై, రంధ్రము మాత్రమే కొంచెము వదులైనప్పుడు ఇది క్యాలెండరుకు, గోడ గడియారానికి పనికివస్తుంది. రాలింగ్స్ జనపనారతో చేసినదానికి ఇది పేద చుట్టమే. గోడయే నలిగినచోట పుల్లలు ఎన్ని కుక్కినా అవి నెట్టేది ఆ పొడినే. అక్కడ పాత రంధ్రమును పూడ్చి, నాలుగు వ్రేళ్ళ దూరము జరిగి, పూతను దాటి ఇటుకను చేరేంత పొడుగు ప్లగ్గుతో మళ్ళీ మొదలుపెట్టవలెను. ఇటుకకు బదులు మట్టియే తగిలితే పలకను గోడకు వ్రేలాడదీయడం మాని, కాళ్ళు పెట్టి నేల మీద నిలబెట్టుకొనవలెను.