పాస్‌పోర్టు ఉన్న కళ్ళతో పాతబస్తీ

హైదరాబాద్ పాతబస్తీ మీద ఇంగ్లీషులో వచ్చిన నవలలు తక్కువ. అందులో ఒక ముస్లిం స్త్రీ అల్లర్ల కాలాన్ని ఇంటి లోపలి గదుల్లోంచి చెప్పినవి మరీ తక్కువ. సమీనా అలీ రాసిన 'మద్రాస్ ఆన్ రైనీ డేస్' 2004లో అమెరికాలో వెలువడింది. ఫ్రాన్స్‌లో విదేశీ తొలి నవలకిచ్చే బహుమతి అందుకుంది. రచయిత్రి హైదరాబాద్‌లో పుట్టి, ఇక్కడా అమెరికాలోనూ పెరిగారు. ఈ రెండు చోట్ల పెంపకమే నవలకి బలం. దాని ఇబ్బందీ అక్కడే ఉంది.

కథ చెప్పేది లైలా. పంతొమ్మిదేళ్ళ పిల్ల. మినియాపోలిస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య పెరిగింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళి కోసం వచ్చింది. అమెరికాలో ఒక సంబంధం మిగిల్చిన రక్తస్రావాన్ని దాచుకుని నికాకి సిద్ధమవుతుంది. పెళ్ళికొడుకు సమీర్‌కీ ఒక రహస్యం ఉంది. అతనికి పురుషుల పట్ల ఆకర్షణ అని ఆమెకి మద్రాసు ప్రయాణంలో తెలుస్తుంది. అతనికి కావలసింది భార్య కన్నా ఆమెతోపాటు వచ్చే అమెరికా. ఈలోగా ఊళ్ళో మతకల్లోలాలు చెలరేగుతాయి. కడుపుతో ఉన్న చెల్లెలి వరస హెన్నా దారుణంగా హతమవుతుంది.

ఈ నవల చేసిన గొప్ప పని ఒకటుంది. పడకగదిలోని హింసనీ వీధిలోని హింసనీ విడదీసి చూడలేదు. రక్తపు మరక ఇంట్లో పరువుకి సాక్ష్యం, బయట మతానికి సాక్ష్యం. రెండు చోట్లా ఆడదాని శరీరమే పత్రం, సంతకాలు మాత్రం మగవాళ్ళవి. కర్ఫ్యూ అంటే మనకి పేపర్లో చదివే వార్త. ఈ నవలలో ఆడవాళ్ళకి కర్ఫ్యూ అల్లర్లతో మొదలై అల్లర్లతో ముగిసేది కాదు. అల్లర్లప్పుడు అది మగవాళ్ళకి కూడా వర్తిస్తుంది, అంతే తేడా. సమీర్‌ని కూడా రచయిత్రి దుర్మార్గుడిగా నిలబెట్టలేదు. మగతనం అనే పంజరం అతన్నీ నొక్కేస్తోందని చూపించింది.

ఇబ్బంది ఎక్కడంటే, అల్లర్లకి ఈ నవలలో చరిత్ర లేదు. వానాకాలం వచ్చినట్టు వస్తాయి. పాతబస్తీలో అల్లర్లు వాతావరణం కాదు. 1948 సైనిక చర్య తర్వాత నిజాం కొలువు పోయింది, 1949లో జాగీర్దారీ రద్దయింది. ఆ ఆదాయం మీద బతికిన సిపాయిలు, నౌకర్లు, చేతిపనివాళ్ళు దిక్కులేనివాళ్ళయ్యారు. కొత్త ఉద్యోగాలు మూసీకి ఉత్తరాన వచ్చాయి. డెబ్భైల తర్వాత గల్ఫ్ వలసలు మొదలయ్యాయి. పాతబస్తీ ఎట్లా చితికిపోయిందో రత్నా నాయుడు 1990లో వచ్చిన తన అధ్యయనంలో వివరంగా రాశారు. ఆ ఏడాది డిసెంబరులోనే నగరంలో వందమందికి పైగా అల్లర్లలో చనిపోయారు, ముఖ్యమంత్రి చెన్నారెడ్డి రాజీనామా చేశారు. ఎవరి కుర్చీ కోసం ఎవరి ఇళ్ళు కాలాయన్న ప్రశ్న ఊళ్ళో అందరి నోటా వినిపించింది. లైలా నోట ఆ ప్రశ్న రాదు.

మన స్త్రీ ఉద్యమానికి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసు దెబ్బలకి చనిపోయాడు. ఊరు భగ్గుమంది, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని దోషులంది. విచారణ పొడుగునా ఆమె శీలం మీదే బురద చల్లారు. కేసు రాయచూరుకి బదిలీ అయింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. అంటే ఈ నగరంలో స్త్రీ శరీరం మీద హింస చేసింది అల్లరిమూకలే కాదు, రాజ్యం కూడా. ప్రవాసి చూపుకి మూకలు కనపడ్డాయి, ఖాకీ అంతగా కనపడలేదు.

హెన్నా మరణం నన్ను ఎక్కువ కలతపెట్టింది. లైలాకి కళ్ళు తెరిపించడానికే హెన్నా చనిపోయినట్టుంది. లైలా చివరికి ఆ పెళ్ళిని వదిలి నడిచి వెళ్ళగలదు, ఆమెకి వెళ్ళడానికి ఒక దేశం ఉంది. ఒక స్త్రీ విముక్తికి మరో స్త్రీ శవం మెట్టు కావలసి వస్తే, ఆ మెట్టు ఎప్పుడూ పాస్‌పోర్టు లేని స్త్రీయే ఎందుకవుతుంది? ఇది సమీనా అలీని ఒక్కదాన్నే అడగాల్సిన ప్రశ్న కాదు. అల్లర్ల మీద కథలు రాసిన మనందరం వేసుకోవలసింది.

అదే 2004లో తెలుగులో 'వతన్' వచ్చింది. స్కైబాబ సంపాదకత్వంలో ముస్లిం కథల సంకలనం. ఆ పేరే ఒక వాదన. సొంత గడ్డ మీదే పరాయివాళ్ళుగా చూడబడేవాళ్ళు ఇది మా వతన్ అని చెప్పుకోవలసి రావడం. తర్వాతి ఏడాది షాజహానా 'నఖాబ్' కవిత్వం వచ్చింది. వీళ్ళకి కథ ముగిశాక ఎక్కే విమానం లేదు. అందుకే ఈ రచనల్లో బీదరికం, భాష, కులం, పక్కింటివాళ్ళ చూపు ఇవన్నీ హింసతో కలిసే ఉంటాయి. రెండు రకాల పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఒకదాని ఖాళీలు ఇంకోదానిలో తెలుస్తాయి. ఇంటి లోపలి లైంగిక రహస్యాల గురించి లైలా మాట్లాడినంత తెగువగా మాట్లాడటం ఇక్కడే ఉండి రాసేవాళ్ళకి కష్టం. రేపు పొద్దున అదే గల్లీలో నడవాలి కదా.

కాబట్టి 'విదేశీ పాఠకుల కోసం మన ఇంటి మురికి బయటపెట్టింది' అనే ఆరోపణతో నేను గొంతు కలపను. స్త్రీలు ఏం రాసినా ఆ మాట వస్తుంది. దూరం ఆమెకి ధైర్యాన్నిచ్చింది, అదే దూరం కారణాల్ని మసకబార్చింది. విమర్శ రెండింటినీ ఒకేసారి పట్టుకోవాలి.

ఇంతకీ ప్రవాసులెవరు? మూసీకి ఇవతల యూనివర్సిటీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండి తెలుగులో రాసుకునే మనలో చాలామందికి చార్మినార్ అంటే గాజులు, బిర్యానీ, అల్లర్ల వార్త. దఖనీ భాష మనకి సినిమాలో హాస్యం. 2002లో కవయిత్రి జమీలా నిషాత్ పాతబస్తీ ఆడపిల్లల కోసం 'షాహీన్' మొదలుపెట్టింది ఆ దఖనీ మాట్లాడేవాళ్ళ మధ్యే. ఆమె కవిత్వాన్ని మనం ఎంతమందిమి మూలంలో విన్నాం? సమీనా అలీ అట్లాంటిక్ దాటి వచ్చి ఆ ఇళ్ళ తలుపు తట్టింది. మనం నయాపూల్ దాటితే చాలు. దాటకుండా ఆమె చూపులో లోపాలు మాత్రం లెక్కపెడితే, ఆ విమర్శకి విలువుండదు.