పేరు దక్కినవారు, దక్కనివారు: కుటుంబ చరిత్రకు ఆకరాలుగా పాత స్థానిక పత్రికలు

తెలుగు పత్రికల మీద పరిశోధనలు మనకు తక్కువేమీ లేవు. అయితే వాటిలో ఎక్కువ భాగం సంపాదకుల చుట్టూ, సంపాదకీయాల చుట్టూ తిరిగింది. 'కృష్ణాపత్రిక' అనగానే ముట్నూరి కృష్ణారావు, 'ఆంధ్రపత్రిక' అనగానే కాశీనాథుని నాగేశ్వరరావు, 'గోలకొండ' అనగానే సురవరం ప్రతాపరెడ్డి గుర్తుకు రావడం సహజమే. సాహిత్య పరిశోధకులు ఆ పుటల నుంచి ధారావాహికలను, ఖండికలను, పుస్తక విమర్శలను వెలికి తీశారు. రాజకీయ చరిత్రకారులు ఉద్యమ వార్తలను వాడుకున్నారు. ఈ రెండు రకాల పఠనం తర్వాత కూడా ఎవరూ పట్టించుకోని పుటలు చాలానే మిగిలాయి. గ్రామాల నుంచి వచ్చిన లేఖలు, కోర్టు ప్రకటనలు, విరాళాల జాబితాలు, మరణవార్తలు, నేరవార్తలు అటువంటివి. ఒక కుటుంబం తన ముత్తాతల జాడ తీయాలన్నా, ఒక కులమో ఊరో తన గతాన్ని రాసుకోవాలన్నా అక్కరకు వచ్చేవి ఇవే.

ఇటీవల ఊరి చరిత్రలు, వంశచరిత్రలు విరివిగా వెలువడుతున్నాయి. పాత పత్రికలను తిరగేసి వాటిని రాసేవారి శ్రమ మెచ్చదగినదే. కాని వాటిలో పత్రికను తీసుకునే తీరు ఆలోచింపజేస్తుంది. పత్రికలో ఉన్నది జరిగినట్టే, లేనిది జరగనట్టే అన్న నమ్మకం చాలా రచనల్లో కనిపిస్తుంది. పత్రిక అందరి పేర్లనూ ఒకే తీరుగా అచ్చువేయలేదు. కొందరికి ఇంటిపేరు, బిరుదు, 'గారు'తో సహా పూర్తి పేరు దక్కింది. కొందరికి కులం పేరు తగిలించిన ఒంటి పేరు దక్కింది. మరికొందరు 'కూలీలు', 'సాలెవారు', 'ఇతరులు' అనే బహువచనాల్లో కలిసిపోయారు. ఈ తారతమ్యాన్ని ముందుగా చదవకపోతే, నాడు అచ్చుయంత్రానికి చేరువగా ఉన్నవారికే నేడు పూర్వీకులు మిగులుతారు.

గ్రామలేఖనే తీసుకుందాం. బడిపంతులో, కరణమో, వకీలో, యువజన సంఘ కార్యదర్శో రాసి పంపిన ఉత్తరం అది. అందులో సభ జరుగుతుంది, అధ్యక్షుడు ప్రసంగిస్తాడు, వందన సమర్పణతో సభ ముగుస్తుంది. అధ్యక్షుడి పేరు, పందిరికి ధనసహాయం చేసినవారి పేరు ఉంటాయి. పందిరి వేసినవారి పేరు ఉండదు. ఈ ప్రక్రియకు స్థిరమైన నుడికారం ఉంది. 'పురప్రముఖులు', 'పెద్దలు', 'తదితరులు' అనే మాటలు ఎవరిని లోపల ఉంచుతున్నాయో, ఎవరిని గడప అవతల ఆపుతున్నాయో గమనించడం తెలుగు శాఖల పరిశోధకుడు చేయగల పని. చరిత్ర శాఖవారికి ఈ భాషావిశ్లేషణ అంత దగ్గరిది కాదు. మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికల నుంచి తయారు చేయించుకున్న ఆంగ్ల సారాంశ నివేదికలు రాజకీయ చరిత్రకు ఎంతగానో ఉపకరించాయి. కాని వాటిలో ఈ నుడికారం మిగలదు. ఏలినవారికి కావలసింది పత్రిక వైఖరి. ఊళ్లో ఎవరింట పెళ్లయిందో వారికి పట్టలేదు. కుటుంబ చరిత్రకారుడికి మూలపుట తప్ప గత్యంతరం లేదు.

దీనికి భిన్నమైనది కోర్టు ప్రకటన. రుసుము పుచ్చుకుని చిన్న అక్షరాల్లో వేసే ఈ ప్రకటనను పాఠకుడు దాటేస్తాడు, పరిశోధకుడూ దాటేస్తాడు. కాని సామాన్యుడి పేరు తండ్రి పేరుతో, ఊరితో, వృత్తితో సహా అచ్చయ్యే చోటు చాలా సందర్భాల్లో ఇదొక్కటే. 'లేటు ఫలానావాని కుమారుడు', 'ఫలానా గ్రామ కాపురస్తుడు', 'మైనరు, సంరక్షకురాలు తల్లి ఫలానా' అన్న వాక్యఖండాలు ఒక్కొక్కటి ఒక్కో కుటుంబ చిత్రం. సభావార్తలో 'ఫలానావారి భార్య'గా మాత్రమే తెలిసే స్త్రీకి ఇక్కడ సొంత పేరు ఉంటుంది, ఎందుకంటే పేరు లేకపోతే దావా నిలవదు. తండ్రి ఎప్పటికి చనిపోయాడో, పిల్లలు అప్పటికి ఎంత చిన్నవారో, భూమి ఎవరి చేతుల్లోకి పోతోందో నాలుగు పంక్తుల్లో తేలుతుంది. అప్పు, భాగపంపకం, వేలం వంటి బాధాకర సందర్భాల్లోనే ఈ కుటుంబాలు అచ్చుకెక్కాయన్నది గుర్తుంచుకోవాలి. పత్రిక చూపే బీదకుటుంబం ఎప్పుడూ కష్టంలోనే ఉంటుంది. దాని పండుగలు పత్రికకు తెలియవు. ఇక్కడ కూడా 'వగైరాలు' అనే మాట ఉండనే ఉంది. మొదటి ప్రతివాది పేరు వేసి తక్కిన అన్నదమ్ములందరినీ ఆ ఒక్క మాట మింగేస్తుంది. అది కనబడ్డ చోట పరిశోధకుడు పత్రిక మూసి కోర్టు దస్తావేజుల కోసం వెళ్లాలి.

ఈ మాటలను ఒక ప్రాంతానికి అన్వయించి చూడవచ్చు. బాపట్లకు, వేటపాలేనికి నడుమ రైలుమార్గం వెంబడి ఉన్న చిన్న తీరభూమిలో మూడు వేర్వేరు చరిత్రలు పక్కపక్కనే ఉన్నాయి: చీరాల, వేటపాలెం, స్టువర్టుపురం.

చీరాల చేనేతకు పేరుపడ్డ ఊరు. చీరాల, పేరాలలను మునిసిపాలిటీగా మార్చడంతో పన్నుల భారం పెరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన 1921 ఏప్రిల్‌లో జనం ఇళ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. పదిహేను వేల పైచిలుకు జనాభాలో అత్యధికులు సుమారు పదకొండు నెలలు 'రామనగరు'లో గడిపారు. ఉద్యమ చరిత్రగా ఇది అందరికీ తెలిసిందే. కుటుంబ చరిత్రగా మాత్రం ఇది ఇంకా రాయబడలేదు. మగ్గం గుంటలో పాతుకుని ఉండే వస్తువు. దాన్ని వదిలి పాకలోకి వెళ్లిన నేతకుటుంబం ఆ పదకొండు నెలలు ఏం నేసింది, ఏం తిన్నది? ఆ పాకల్లో పుట్టిన పిల్లలెవరు, పోయిన ముసలివారెవరు? ఉద్యమ వార్తలో వీరంతా 'ప్రజలు'. ఆ బహువచనం నుంచి వ్యక్తులను విడదీయడానికి పత్రికలో మనకున్న దారులు కొన్నే. పన్ను కట్టనందుకు కేసులు పెట్టి శిక్షించినవారి వార్తలు ఒకటి, సహాయనిధికి చందాలిచ్చినవారి జాబితాలు రెండోది. మొదటిది శిక్ష పడినవారిని చూపుతుంది, రెండోది ఇవ్వగలిగినవారిని. ఈ రెండింటి మధ్యనున్న పెద్ద సమూహం కోసం మునిసిపల్ పన్ను పట్టీలతో, కుటుంబాల జ్ఞాపకాలతో పత్రికను కలిపి చదవాలి.

ఈ ప్రాంతం కుటుంబాన్ని వెతికేవారికి భౌగోళిక చిక్కు కూడా ఉంది. 1904కు ముందు చీరాల, వేటపాలెం కృష్ణా జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు (1972లో ప్రకాశం అయింది), 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇల్లు కదలకుండానే కుటుంబం నాలుగు జిల్లాల వార్తల్లోకి మారుతుంది. కాలగణన మరో చిక్కు. 'దుర్మతి సంవత్సరం' అని ఉంటే అది 1921–22 కావచ్చు, 1861–62 కావచ్చు, 1981–82 కూడా కావచ్చు. అరవై ఏళ్ల చక్రంలో తాతా మనుమడూ ఒకే సంవత్సరనామంలో పుట్టే వీలుంది. ఒకే పేరును మనుమడికి పెట్టుకునే మన ఆచారం దీనికి తోడైతే ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు. నిజాం రాష్ట్రపు పత్రికల్లో ఫసలీ లెక్క ఉంటుంది. దానికి 590 కలిపితే ఉజ్జాయింపుగా క్రీస్తుశకం వస్తుంది.

వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం పాత పత్రికల సేకరణకు పేరుపొందింది. ఆ గ్రంథాలయం, ప్రెస్ అకాడమీ డిజిటలీకరించిన సంచికలు కలిసి పరిశోధకుడి పనిని ఎంతో సులభం చేశాయి. అయితే స్కాన్ చేసిన పుట ఒక బొమ్మ మాత్రమే. అరసున్నలు, శకటరేఫలు, అరిగిన అచ్చుదిమ్మలు ఉన్న పాత అక్షరాలను యంత్రం సరిగా గుర్తించలేదు. ఒకవేళ గుర్తించినా ఏ మాటతో వెతకాలన్న ప్రశ్న మిగులుతుంది. దళిత కుటుంబాల విషయంలో ఈ ప్రశ్న తీవ్రమైనది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే మాటను తోసిపుచ్చి 'ఆది ఆంధ్ర' అనే పేరును నిలబెట్టింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును అంగీకరించింది. 1930 దశకంలో 'హరిజన' పదం పత్రికలను ఆక్రమించింది. ఒక్క మాటతో వెతికే పరిశోధకుడికి ఒకే కుటుంబపు మూడు తరాలు మూడు వేర్వేరు కులాలుగా కనబడతాయి, లేదా రెండు తరాలు అసలే కనబడవు. ఏ పత్రిక ఏ సంవత్సరంలో పాత మాటను వదిలిందో, వదిలినట్టే వదిలి నేరవార్తల్లో మాత్రం ఎందుకు అట్టిపెట్టుకుందో పరిశీలించడమే ఒక స్వతంత్ర వ్యాసానికి సరిపడే విషయం.

ఇక స్టువర్టుపురం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన తర్వాత, ఎరుకల కుటుంబాలను ఒకచోట కట్టడిచేసి ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన సెటిల్‌మెంటు ఇది. ప్రభుత్వ కార్యనిర్వాహక సభ్యుడు హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. ఊరి పేరులోనే ఆ ఊరివారి పేరు లేదు. చట్టం 1952లో రద్దయింది, పత్రికల్లో ముద్ర మాత్రం రద్దు కాలేదు. 1991లో వచ్చిన రెండు తెలుగు సినిమాల శీర్షికల్లో ఈ ఊరి పేరు దొంగలకు, పోలీసుస్టేషనుకు పక్కనే కూర్చుంది. ఇక్కడి కుటుంబం ఒకటి తన చరిత్రను పాత పత్రికల్లో వెతికితే ఏం దొరుకుతుంది? నేరవార్తల శీర్షిక దొరుకుతుంది. చీరాల వర్తకుడి తాత మరణవార్తలో 'దానశీలి'గా కనిపిస్తే, ఎరుకల కుటుంబపు తాత అరెస్టు వార్తలో 'పాత నేరస్థుడు'గా కనిపిస్తాడు. రెండూ సూత్రబద్ధ విశేషణాలే. మొదటిదాన్ని మనం మర్యాదగా తీసుకుని నవ్వి ఊరుకుంటాం, రెండోదాన్ని చరిత్రగా ఉటంకిస్తాం. ఈ వ్యత్యాసం పత్రికది మాత్రమే కాదు, పత్రికను చదివే పరిశోధకుడిది కూడా. పైగా అరెస్టు వార్త అవుతుంది, విడుదల తరచూ వార్త కాదు. సెటిల్‌మెంటు కుటుంబాలు సాగుచేసిన పొలాలు, చీరాల పొగాకు కంపెనీలో చేసిన కూలిపని, చదివిన బడి వార్తలకెక్కే విషయాలు కావు.

పత్రిక పేర్లను కప్పేసినట్టే కొన్నిసార్లు పేర్లను పిలిచి బయటకు తెచ్చింది కూడా. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి తన పత్రిక ద్వారా కవుల వివరాలు సేకరించి 1934లో వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక' 354 మందిని నమోదు చేసింది. సాహిత్య చరిత్ర దాన్ని ఆత్మగౌరవ ప్రకటనగా చదివింది. ఊరూపేరూ వివరాలతో ఉన్న ఆ పుటలను కుటుంబ చరిత్రకు ఆకరంగా చదివినవారు అరుదు. పిలిచినప్పుడు పలకగలిగినవారు అక్షరం వచ్చినవారే అన్న పరిమితి దానికీ ఉంది. అక్షరం అవసరం లేని వంశావళులు మనకు వేరే ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు గోత్రాలనూ ఇంటిపేర్లనూ గానంలో నిలిపి ఉంచారు. కోర్టు ప్రకటనలో దొరికిన ఇంటిపేరును వీరి గానంతో పోల్చి చూస్తే రెండింటి ఖాళీలూ బయటపడతాయి. ఈ పోలిక జరగకపోవడానికి కారణం పత్రికలు ఒక పరిశోధకుడి రంగం, జానపదం మరొకరి రంగం కావడం తప్ప మరొకటి కాదు.

ప్రస్తుతం తక్షణంగా కావలసింది ఒక పేర్ల సూచిక. వేటపాలెంలో ఉన్న సంచికల్లో ఒక పదేళ్ల కాలాన్ని ఎంచుకుని, కోర్టు ప్రకటనలతో మొదలుపెట్టి తయారు చేయవచ్చు. పేరు అచ్చయిన తీరును ఉన్నదున్నట్టు ఎక్కించాలి, 'పి. వెంకయ్య' అని ఉంటే 'పి'ని ఊహతో విప్పకూడదు. పేరు ఏ శీర్షిక కింద వచ్చిందో, తాలూకా ఏదో, గౌరవవాచకం ఉందో లేదో వేర్వేరు గడుల్లో నమోదు కావాలి. నేరవార్తల నుంచి తీసుకునే పేర్లకు 'తీర్పు' అనే గడి ఒకటి అదనంగా ఉండాలి. న్యాయస్థాన దస్తావేజులతో సరిచూసేదాకా అది ఖాళీగానే ఉండాలి. స్టువర్టుపురం పేర్లున్న భాగాన్ని ముందుగా ఆ ఊరి కుటుంబాలకు చూపించి, ఏవి అచ్చువేయాలో వారినే అడగాలి.