వెండిని ముట్టని నలుపు

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో లోహం మీద వెండి పొదిగిన బిద్రీ హుక్కా కుండల ముందు కాసేపు నిలబడండి. ఎంత నలుపది! నిగనిగలాడే నలుపు కాదు. పడిన వెలుతురునంతా తనలో ఇంకించుకునే మెత్తని మఖమల్ నలుపు. దాని మీద వెండి గసగసాల పూలు రేకులు విప్పుకుని, సన్నని తీగలు వంపు వంపునా సాగి, చూపును ఒక చోట నిలవనివ్వవు.

ఆ నలుపు పూసినది కాదు, లోహం ఒంట్లోంచి పుట్టినది. ఆ లోహం తుత్తునాగం, అంటే జింకు. అసలే కుదురులేనిది. గాలీ తేమా తగిలితే చాలు, వెలవెలబోతుంది. అందులో కాస్త రాగి కలిపి పోతపోస్తారు. పైన మైలుతుత్తం రాసి, ఆ తాత్కాలికపు నలుపు మీద ఉలితో పూలు చెక్కి, గాళ్లలో వెండి అదిమి, నునుపు చేస్తారు. నునుపు తేలేసరికి వెండీ తుత్తునాగమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి. ఇన్నాళ్ల పనీ మాయమైందా అనిపించే ఘడియ!

అప్పుడు వస్తుంది బీదర్ కోట మట్టి. ఏళ్లతరబడి ఎండా వానా ఎరుగని చోటునుంచి తెచ్చిన మట్టి. చిటికెడు నాలుక మీద వేసుకుని, రుచి చూసి మరీ ఎంచుతాడు పనివాడు. నవాసాగరం కలిపిన ఆ మట్టి వేడివేడిగా పట్టగానే తుత్తునాగం కారునలుపు తిరుగుతుంది. వెండి చలించదు! ఒకే మట్టి, ఒకే వేడి. ఒక లోహం ఉలిక్కిపడింది, పక్కనున్నది పలకనైనా పలకలేదు. ఆ తేడాలోంచే పువ్వు పూసింది. ఏ కుంచె గీయగలదు ఇంత తేటైన అంచు? నలుపు వెంట్రుకవాసి కూడా వెండి మీదికి జరగదే! కుదురులేని లోహాన్ని ఒక్కసారి కదిలించి, ఆ కదలికనే దానికి కవచంగా తొడిగిన ఆ చేతులకు మొక్కాలనిపిస్తుంది.

బీదర్ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గౌరవం ఈ నలుపుకి ఎప్పుడో దక్కాల్సింది.

మీ ఇంట్లో తాతలనాటి బిద్రీ పాందాన్ ఉంటే, దయచేసి దాన్ని ఇత్తడి గిన్నెలా చింతపండుతో తోమకండి. పులుపు తగిలితే ఆ నల్లని పొర చెడిపోతుంది. మెత్తని గుడ్డ మీద చుక్క కొబ్బరినూనె వేసి తుడవండి, చాలు.